పక్కపక్కనే పెరిగిన రెండు ఫాలికల్స్‌లో ఒకటే ఎందుకు మిగులుతుంది? (ఆడగుర్రాల హార్మోన్ల గురించి)

పీజీ_రెండో_ఏడాది:

అందరికీ నమస్కారం. వెటర్నరీ గైనకాలజీలో పీజీ చేస్తున్నాను. వారం రోజులుగా ఒకే ఆడగుర్రాన్ని రోజూ ఉదయం ఒకే సమయానికి స్కాన్ చేస్తున్నా. అండం విడుదలైన రోజును సున్నాగా లెక్కపెడితే, 14వ రోజున ఎడమ అండాశయంలో రెండు ఫాలికల్స్ (అండం పెరిగే నీటి సంచులు) కనిపించాయి, ఒకటి 17 మి.మీ., దాన్ని ఆనుకునే ఇంకొకటి 15. మర్నాడు 20, 17. 16వ రోజు 23, 20. అప్పటిదాకా రెండూ జోడెద్దుల్లా కలిసి నడిచాయి. 17వ రోజున పెద్దది 25 అయింది, చిన్నది 20 దగ్గరే ఆగింది. 18న 28, 19. ఈరోజు పొద్దున 31, 17. స్క్రీన్ మీద చూస్తుంటే పెద్దది నల్లగా గుండ్రంగా నిండుగా ఉంది, పక్కది అంచులు వదులై చిన్నబోయినట్టు కనిపించింది.

పుస్తకంలో రాసింది నాకు తెలుసు. ఎఫ్ఎస్‌హెచ్ (ఫాలికల్స్‌ని పెంచే హార్మోన్) తగ్గిపోతుంది కాబట్టి చిన్నవి ఎండిపోతాయి, పెద్దది నిలబడుతుంది అంటారు. కానీ రెండూ ఒకే అండాశయంలో ఉన్నాయి, రెండింటికీ చేరేది ఒకే రక్తం, ఆ రక్తంలో ఉండే ఎఫ్ఎస్‌హెచ్ కూడా ఒకటే. మరి 3 మి.మీ. తేడాతో ఒకటి బతకడం, ఒకటి పోవడం ఏమిటి? పరీక్షలో రాయడానికి కాదు, నిజంగా అర్థం కావాలని అడుగుతున్నా.

ఇంకో సందేహం కూడా ఉంది. ఈ ఏడాది పగళ్లు పెరగడం మొదలైన రోజుల్లో వేరే ఆడగుర్రానికి 38 మి.మీ. ఫాలికల్ కనిపిస్తే, సైజు సరిపోయింది కదా అని హెచ్‌సీజీ (అండం విడుదల చేయించే ఇంజెక్షన్) ఇచ్చాం. 36 గంటలు, 48 గంటలు, మూడు రోజులు చూశాం. అండం విడుదల కాలేదు. పది రోజుల్లో ఆ ఫాలికల్ మెల్లగా కరిగిపోయింది. గుర్రం యజమాని రోజూ వచ్చి అడిగేవారు, నా దగ్గర జవాబు లేక చాలా బాధపడ్డాను. 38 మి.మీ. ఉండి కూడా ఎందుకు పని చేయలేదు?

గుర్రాల_డాక్టర్:

తమ్ముడూ, ముందు నీ అంకెలు చూసి సంతోషం వేసింది. రోజూ ఒకే టైముకి, ఒకే చేత్తో కొలిచినవి కాబట్టే కథ అంత స్పష్టంగా కనిపిస్తోంది. గుర్రంలో ఈ దారులు చీలే ఘట్టం (డీవియేషన్ అంటాం) మొదలయ్యేటప్పుడు పెద్ద ఫాలికల్ సగటున 22, 23 మి.మీ. దగ్గర, రెండోది 19 దగ్గర ఉంటుంది. నీ 16వ రోజు స్కాన్ దాదాపు అదే.

ఎఫ్ఎస్‌హెచ్ గురించి చెప్తాను. అది రక్తంలో పెరిగినప్పుడు 6 మి.మీ. సైజులో ఓ గుంపు ఫాలికల్స్ ఒకేసారి బయలుదేరతాయి, రోజుకి సుమారు 3 మి.మీ. చొప్పున పెరుగుతాయి. ఆ గుంపులో పెద్దది 13 మి.మీ.కి వచ్చేసరికే ఎఫ్ఎస్‌హెచ్ శిఖరం దాటి దిగడం మొదలవుతుంది. అంటే నువ్వు 17, 15 కొలిచిన రోజుకే అది తగ్గుతూ ఉంది, అయినా రెండూ పెరుగుతూనే ఉన్నాయి. దాన్ని దించేది మళ్లీ ఆ ఫాలికల్సే. వాటి గ్రాన్యులోసా కణాల (ఫాలికల్ లోపలి గోడ కణాలు) నుంచి వచ్చే ఇన్హిబిన్ అనే హార్మోన్, తర్వాత దానికి తోడయ్యే ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్) వెళ్లి, ఎఫ్ఎస్‌హెచ్‌ని వదిలే మెదడు అడుగు గ్రంథి పిట్యూటరీకి "ఇక చాలు" అని చెప్తాయి. మొదట్లో గుంపు అంతా కలిసి దించుతుంది, చివర్లో ఆ పని ఎక్కువగా పెద్దదే చేస్తుంది.

చివరికి పెద్దదయ్యే ఫాలికల్ సగటున మిగతావాటికంటే ఒక రోజు ముందు బయలుదేరుతుంది. నీ 3 మి.మీ. తేడా అదే, ఒక రోజు పెరుగుదల. రెండోదాంట్లో లోపమేమీ లేదు. సరిగ్గా ఆ సమయంలో పెద్దదాన్ని సూదితో ఖాళీ చేసేస్తే ఎఫ్ఎస్‌హెచ్ మళ్లీ లేస్తుంది, రెండోది అందుకుని తనే పెద్దదవుతుంది. ఒక్క రోజు వెనకబడినందుకే అది పోతోంది, ఇది మొదటిసారి తెలిసినప్పుడు నాకూ మనసు చివుక్కుమంది.

ఇక పెద్దది తగ్గిన ఎఫ్ఎస్‌హెచ్‌తో ఎలా నెట్టుకొస్తుందంటే, అప్పటికి దాని గ్రాన్యులోసా మీద ఎల్‌హెచ్‌ని (అండం విడుదల చేయించే పిట్యూటరీ హార్మోన్) అందుకునే రిసెప్టర్లు వచ్చేస్తాయి, అది ఎల్‌హెచ్ మీదికి మళ్లుతుంది, అందుకే తప్పించుకుంటుంది. రెండో సందేహానికి రాత్రి రాస్తాను, ఇప్పుడు కేసు ఉంది.

ఫ్లూయిడ్_శాంపిల్:

డాక్టర్ గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన విషయం కలపాలి, ఒకచోట చిన్న సవరణ కూడా ఉంది. నేను ఫాలికల్ లోపలి ద్రవం మీద పని చేస్తాను. సూదితో తీసిన ఆ ద్రవం పల్చగా, లేత తేనె రంగులో ఉంటుంది, చూడటానికి రెండు ఫాలికల్స్‌దీ ఒకేలా ఉంటుంది. కొలిస్తే మాత్రం లోపల వేరే లోకం.

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. రక్తం ఒకటే కాబట్టి తేడా రక్తంలో ఉండే అవకాశం లేదు, ఫాలికల్ లోపలే ఉండాలి. గుర్రంలో ఆ తేడాకి మూలం ఐజీఎఫ్-1. ఇది ఇన్సులిన్‌ని పోలిన గ్రోత్ ఫ్యాక్టర్. దీని వల్ల గ్రాన్యులోసా కణాలు ఎఫ్ఎస్‌హెచ్‌కి, ఎల్‌హెచ్‌కి మరింత గట్టిగా స్పందిస్తాయి. అంటే రక్తంలో ఎఫ్ఎస్‌హెచ్ పడిపోయినా, ఐజీఎఫ్ ఉన్న ఫాలికల్‌కి ఆ కొద్దిపాటి ఎఫ్ఎస్‌హెచ్చే సరిపోతుంది. లేనిదానికి అది చాలదు. ఇద్దరికీ కంచంలో ఒకే ముద్ద పెట్టారు, ఒకరికి అది ఒంటబట్టింది, ఇంకొకరికి పట్టలేదు.

అయితే మొత్తం ఐజీఎఫ్ ఎంత ఉందన్నది లెక్క కాదు, విడిగా ఉన్నది ఎంత అన్నదే లెక్క. ఫాలికల్ ద్రవంలో ఐజీఎఫ్ ఎక్కువ భాగం బైండింగ్ ప్రోటీన్లకి అంటుకుని ఉంటుంది, గాదెలో తాళం వేసిన ధాన్యంలాగా. అలా ఉన్నంతసేపూ కణం దాన్ని వాడుకోలేదు. పీఏపీపీ-ఏ అనే ఎంజైమ్ కొన్ని బైండింగ్ ప్రోటీన్లని కోసేస్తుంది, అప్పుడు ఐజీఎఫ్ విడుదలవుతుంది. పెద్దది కాబోయే ఫాలికల్‌లో, సైజులో దారులు చీలకముందే, దాదాపు 20 మి.మీ. దగ్గరే, ఈ విడి ఐజీఎఫ్ పెరగడం మొదలవుతుంది. ఈస్ట్రడయాల్, ఇన్హిబిన్-ఏ, యాక్టివిన్-ఏ కూడా అందులోనే ఎక్కువ. స్కాన్‌లో మీకు 23, 20 అని కనిపించిన రోజుకే లోపల ఫలితం తేలిపోయింది, సైజులో అది బయటపడటానికి ఇంకో రోజు పట్టింది.

ఇది ఊహ కాదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఓ.జె. గింథర్ బృందం దీన్ని బతికున్న గుర్రాల్లోనే నేరుగా పరీక్షించింది. రెండో ఫాలికల్‌లోకి సన్నటి సూదితో ఐజీఎఫ్-1 ఎక్కిస్తే, ఆగిపోవాల్సినది ఆగకుండా పెరిగింది. తిరగేసి, పెద్దదాంట్లోకి బైండింగ్ ప్రోటీన్ ఎక్కించి దాని విడి ఐజీఎఫ్‌ని కట్టేస్తే పెద్దది ఆగిపోయింది, రెండోది ముందుకొచ్చింది. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన ప్రయోగాలు ఇవే, ఎందుకంటే అవే రెండు ఫాలికల్స్, అదే రక్తం, మారింది లోపలి ఆ ఒక్క పదార్థమే.

ఇక సవరణ. ఎల్‌హెచ్ వల్లే పెద్దది తప్పించుకుంటుంది అన్నారు. గుర్రంలో ప్రొజెస్టిరాన్ ఇచ్చి ఎల్‌హెచ్‌ని అణిచి చూసినప్పుడు కూడా దారులు చీలడం మొదలైంది. ఆ తర్వాత పెద్దది పెరగడం మాత్రం మందగించింది. కాబట్టి చీలిక మొదలవడానికి ఎల్‌హెచ్ పెరుగుదల అవసరం లేదు, తర్వాత 35, 40 దాకా వెళ్లడానికి కావాలి. మీ అనుభవం ముందు నేను చిన్నదాన్నే, కానీ ఇది తేడాగా రాస్తే పిల్లలు పరీక్షలోనూ అలాగే రాస్తారు.

గుర్రాల_డాక్టర్:

మంచి మాట చెప్పావమ్మా, ఒప్పుకుంటున్నా. నేను చదువుకున్న రోజుల్లో ఎల్‌హెచ్ వరకే చెప్పారు, దాన్నే పట్టుకుని ఉండిపోయాను.

పీజీ_రెండో_ఏడాది:

మేడమ్, చాలా థాంక్స్, రెండుసార్లు చదివాను. ఒంటబట్టడం అన్న మాటతో మొత్తం చిక్కు విడిపోయింది. రెండు చిన్న ప్రశ్నలు. ఆవుల్లోనూ ఇదే కథేనా? రెండోది, ఆవుల్లో ఎక్కువ ఫాలికల్స్ కోసం పీఎంఎస్‌జీ అనే హార్మోన్ ఇస్తాం కదా, అది వచ్చేదే చూడి గుర్రం రక్తం నుంచి. మరి గుర్రానికే అది ఇచ్చి ఎక్కువ అండాలు ఎందుకు తీయరు?

ఫ్లూయిడ్_శాంపిల్:

మొదటిదానికి, కథ దాదాపు ఒకటే, నడక వేరు. ఆవులో దారులు చీలేది సుమారు 8.5 మి.మీ. దగ్గర. అక్కడ తేడా ఎక్కువగా రెండో ఫాలికల్‌లో విడి ఐజీఎఫ్ పడిపోవడం వల్ల వస్తుంది. గుర్రంలో పెద్దదాంట్లో పెరగడం వల్ల వస్తుంది. ఇక గుర్రం ఫాలికల్ పెద్దది కాబట్టి రోజూ కొలవడం, లోపలి ద్రవం తీయడం సులువు. మనుషుల ఫాలికల్స్ తీరు అర్థం చేసుకోవడానికి ఆడగుర్రాన్ని నమూనాగా వాడేది కూడా అందుకే.

రెండోది చాలా మంచి ప్రశ్న. పీఎంఎస్‌జీ (ఇప్పుడు ఈసీజీ అంటున్నాం) ఆవులో, గొర్రెలో ఎఫ్ఎస్‌హెచ్ పనీ చేస్తుంది, ఎల్‌హెచ్ పనీ చేస్తుంది. గుర్రంలో మాత్రం అది ఎల్‌హెచ్ రిసెప్టర్‌కే అతుక్కుంటుంది. గుర్రం సొంత ఎల్‌హెచ్, ఈసీజీ రెండింటి బీటా గొలుసూ ఒకే జన్యువు నుంచి వస్తుంది, వాటికి అతుక్కునే చక్కెర గొలుసుల్లోనే తేడా. కాబట్టి గుర్రానికి ఈసీజీ ఇస్తే ఎఫ్ఎస్‌హెచ్ ఇచ్చినట్టు కాదు, ఫాలికల్స్ గుంపు కదలదు. చూడి కట్టిన గుర్రంలో అది 40వ రోజు ప్రాంతం నుంచి 120వ రోజు దాకా రక్తంలో ఉండి, అదనపు కార్పస్ లూటియాలు (ఫాలికల్ చోట ఏర్పడి, చూడిని నిలబెట్టే ప్రొజెస్టిరాన్ వదిలే గ్రంథులు) ఏర్పడటానికి తోడ్పడుతుంది, దాని సహజమైన పని అది. ఎక్కువ అండాలు కావాలంటే గుర్రపు పిట్యూటరీ నుంచి తీసిన ఎఫ్ఎస్‌హెచ్‌నే వాడారు, అదీ ఫాలికల్స్ 20, 25 మి.మీ. దగ్గర ఉండగా, అంటే వెనకబడినవి చేజారకముందే మొదలుపెట్టి. అయినా ఆవుల్లో వచ్చినన్ని అండాలు గుర్రాల్లో రావు.

గుర్రం అండాశయం నిర్మాణమే వేరు, అది కూడా గుర్తుపెట్టుకోండి. ఫాలికల్స్ ఉండే కార్టెక్స్ లోపలివైపు ఉంటుంది, మెడుల్లా (రక్తనాళాల భాగం) బయట. అండం బయటికి రాగలిగేది ఒకే ఒక్క గుంట దగ్గర, ఓవ్యులేషన్ ఫోసా అంటాం. ఎన్ని ఫాలికల్స్ పెరిగినా అన్నీ ఆ ఒక్క ఇరుకు వాకిట్లోంచే రావాలి.

మూడు_గుర్రాలు:

నేను డాక్టర్ని కాదు, మూడు ఆడగుర్రాలు ఉన్నాయి. ఇన్హిబిన్ మాట చదవగానే నా పెద్ద గుర్రం గుర్తొచ్చి రాస్తున్నా. ఉన్నట్టుండి అది మగగుర్రంలా ప్రవర్తించడం మొదలుపెట్టింది, మిగతా రెండింటినీ తరమడం, పళ్లతో పట్టుకోవడం, మెడ కూడా లావెక్కింది. నెలల తరబడి ఎదకు రాలేదు. మొదట చూసినవాళ్లు పెద్ద ఫాలికల్ ఉంది, అదే పోతుంది అని చెప్పి రెండుసార్లు ఇంజెక్షన్ ఇచ్చి పంపారు. నాలుగు నెలలు అలా పోయాయి, ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే. తర్వాత వేరే డాక్టర్ గారు స్కాన్ చేసి ఒక మాట అన్నారు, "ఈ వైపు అండాశయం ఇంత పెద్దది, ఆ వైపుది చూడండి, వాల్‌నట్ కాయంత కూడా లేదు, నాకు అనుమానం దీని మీద." రక్తం పరీక్షలో ఇన్హిబిన్, ఏఎంహెచ్ అనే ఇంకో అండాశయ హార్మోన్, టెస్టోస్టిరాన్ మూడూ ఎక్కువ వచ్చాయి. గ్రాన్యులోసా కణాల గడ్డ అట. ఆ గడ్డ ఆపకుండా ఇన్హిబిన్ వదులుతుంటే ఎఫ్ఎస్‌హెచ్ లేవదు, అందుకే రెండో అండాశయం ఎండిపోయిందని వివరించారు. ఆపరేషన్ చేసి తీశారు. రెండో వైపు కదలడానికి తొమ్మిది నెలలు పట్టింది, మొదటిసారి అందులో ఫాలికల్ కనిపించినప్పుడు స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించారు. కాబట్టి స్కాన్ చేసే పిల్లలకి నా మనవి, పెద్దగా ఉన్న వైపుతో ఆగకండి, చిన్నగా ఉన్న వైపు కూడా చూడండి.

గుర్రాల_డాక్టర్:

పై మాట ప్రతి పీజీ గోడ మీద రాసుకోవాలి. రెండో అండాశయం చిన్నబోయి ఉంటే ఆగి ఆలోచించాలి.

తమ్ముడూ, నీ 38 మి.మీ. సంగతి. అది ఏ రోజుల్లో జరిగిందో నువ్వే రాశావు, పగళ్లు పెరగడం మొదలైనప్పుడు. గుర్రం పొడుగు పగళ్లకి ఎదకు వచ్చే జంతువు. రాత్రి పొడుగ్గా ఉన్నంతకాలం మెలటోనిన్ (చీకట్లో వచ్చే హార్మోన్) ఎక్కువసేపు వస్తుంది, జీఎన్‌ఆర్‌హెచ్ (ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లని వదలమని మెదడు పంపే హార్మోన్) అణిగి ఉంటుంది. పగలు పెరిగేకొద్దీ ఎఫ్ఎస్‌హెచ్ ముందు తేరుకుంటుంది, ఎల్‌హెచ్ మాత్రం చాలా ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్యకాలం రెండు మూడు నెలలు సాగొచ్చు, అప్పుడు 30 దాటిన ఫాలికల్స్ ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, పోతాయి. సైజు వస్తుంది, సత్తా రాదు. లోపల ఈస్ట్రడయాల్ తక్కువ, ఐజీఎఫ్ తక్కువ, గోడలకి రక్తం చేరడం తక్కువ. ఫాలికల్ గోడలో రక్తనాళాలు పెంచే వీఈజీఎఫ్ కూడా వీటిలో తక్కువే. నువ్వు ఇచ్చిన హెచ్‌సీజీ ఎల్‌హెచ్ రిసెప్టర్ మీద పనిచేసేది. ఫాలికల్ తయారై లేకపోతే అది ఎవరిని పిలుస్తుంది?

మరి తయారైందని ఎలా తెలుస్తుంది అంటే, ఫాలికల్ మీద కన్నా ముందు గర్భాశయం మీద ప్రోబ్ పెట్టు. ఈస్ట్రడయాల్ సరిగ్గా వస్తుంటే గర్భాశయం మడతలు నీరు పట్టి ఉబ్బుతాయి, అడ్డంగా చూస్తే బండి చక్రం ఆకుల్లా కనిపిస్తాయి. 38 మి.మీ. ఉండి ఆ చక్రం లేకపోతే నేను హెచ్‌సీజీ ముట్టుకోను. 35 ఉండి చక్రం బాగా కనిపిస్తే ధైర్యంగా ఇస్తాను, చాలావాటికి 36 గంటల అటూ ఇటూ అండం విడుదలవుతుంది. ఆ రోజు మీరు గర్భాశయం చూశారా?

ఈ మధ్యకాలం త్వరగా దాటించాలంటే మందు కన్నా వెలుతురు మేలు. రోజుకి మొత్తం 16 గంటల వెలుగు అందేలా, సాయంత్రం వైపు కలిపి, కావాల్సిన తేదీకి రెండు నెలలకు పైనే ముందు మొదలుపెట్టాలి. ఒక కంటికి నీలి వెలుగు ఇచ్చే మాస్కులు కూడా ఉన్నాయి, మెలటోనిన్‌ని ఆపడానికి అది సరిపోతుంది. యజమానికి ముందే చెప్పు, ఏడాదిలో మొదటి అండం విడుదలయ్యేవరకు కనిపించే పెద్ద ఫాలికల్స్‌ని నమ్మొద్దని. ఒకసారి అది జరిగాక గాడిలో పడుతుంది, 21, 22 రోజులకోసారి వస్తుంది.

ఒకటి మర్చిపోయాను. గుర్రం ఎల్‌హెచ్ ఆవులోలా కొన్ని గంటల్లో ఎగసి పడిపోయేది కాదు. రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది, శిఖరం అండం విడుదలైన తర్వాత వస్తుంది. అందుకే రక్తంలో ఎల్‌హెచ్ చూసి సమయం చెప్పడం కష్టం, రోజూ స్కాన్ చేయాల్సిందే.

పీజీ_రెండో_ఏడాది:

లేదు సర్, ఆ రోజు గర్భాశయం సరిగా చూడలేదు. పాత స్కాన్ బొమ్మలు ఇప్పుడే తీసి చూశాను, ఒక ఫ్రేమ్‌లో పక్కన కొంచెం పడింది, మడతలు నున్నగా ఉన్నాయి, చక్రం లేదు. యజమానికి ఫోన్ చేసి ఎందుకు పని చేయలేదో చెప్పాను, ఆయన నిదానంగా విన్నారు.

పీజీ_రెండో_ఏడాది:

అప్‌డేట్, రోజూ స్కాన్ చేస్తున్న మొదటి గుర్రం సంగతి. 20వ రోజు 34 మి.మీ., చక్రం బాగా కనిపించింది. 21వ రోజు పొద్దున 37, మెత్తబడింది, రెండోది 14కి దిగింది. 2500 యూనిట్ల హెచ్‌సీజీ ఇచ్చాం. 22వ రోజు సాయంత్రానికి చక్రం పల్చబడింది, ఫాలికల్ గుండ్రం పోయి ఫోసా వైపు కొన తేలి బేరిపండు ఆకారంలోకి వచ్చింది. రాత్రి తొమ్మిదికి మళ్లీ స్కాన్ పెడితే ఆ నల్లటి గుండ్రం లేదు, దాని చోట బూడిద రంగు మచ్చ. పక్కన ఆ చిన్న ఫాలికల్ ఇంకా ఉంది, 12 మి.మీ. దాన్ని కూడా కొలిచి రాసుకున్నాను.